ఏసీ హాల్లో బండ వేషం

ఆ శనివారం మధ్యాహ్నం మా కమ్యూనిటీ హాల్లో ఉన్నవి ఇవి. ప్లాస్టిక్ కుర్చీలు ఎనభై. వాటిలో ముందు వరసకు మాత్రం తెల్లగుడ్డ తొడిగారు. ఏసీలు నాలుగు, పనిచేసేవి మూడు. థర్మోకోల్‌తో చేసిన గంగమ్మ ముఖం ఒకటి. ఫైనాన్స్ ఆఫీసరు భార్య రెండు వారాలు కష్టపడి చేసింది, కళ్ల మధ్య దూరం ఎక్కువై అమ్మవారు దారి తప్పి వచ్చినట్టు చూస్తోంది. వేపమండలు లేవు, ఆ దీవిలో వేపచెట్టు లేదు. వాటి బదులు జనరల్ మేనేజరు పెరట్లోని కరివేపాకు కొమ్మలు ఒక బకెట్టు. అంబలి ఒక స్టీలు గుండిగ, చాక్లెట్ వాసన వచ్చే రాగిమాల్టు పొడితో కాచింది. డప్పు లేదు, డప్పు శబ్దం వచ్చే స్పీకరు ఉంది. తెలుగు కుటుంబాలు ఇరవై మూడు, పెళ్లికానివాళ్లం నలుగురం. దీవి మనుషులు ఎవరూ లేరు, బయట జనరేటరు దగ్గర కూర్చున్న కాపలాదారును వదిలేస్తే. కిటికీల అవతల పసిఫిక్ మహాసముద్రం ఉంది. కానీ చల్లదనం పోకుండా తెరలు వేశారు కాబట్టి దాన్ని హాజరైనవాటిలో కలపడం లేదు.

తిరుపతిలో గంగమ్మ జాతర వారం రోజుల పని. మావాళ్లు దాన్ని సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా జరపాలని నిర్ణయించారు. ఏడింటికి హాలును వేరేవాళ్లు బుక్ చేసుకున్నారు మరి.

నేను ఆ దీవిలో సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా మూడేళ్లు పనిచేశాను. ప్లాంటును, దాని పక్కన డీజిల్ కరెంటు కేంద్రాన్ని, చిన్న రేవును ఒకే కంపెనీ నడిపేది. జనరల్ మేనేజరుది పుత్తూరు వైపు. ఆయన తనకు తెలిసినవాళ్లను పిలిపించుకున్నాడు, వాళ్లు తమకు తెలిసినవాళ్లను పిలిపించుకున్నారు. అలా చిత్తూరు, తిరుపతి, కాళహస్తి, సూళ్లూరుపేటల నుంచి మేమంతా ఒక దీవి మీద చేరాం. ఒక ముక్క నేల, దాని చుట్టూ కొలవలేనంత నీళ్లు, మధ్యలో మేము. ఇంత దూరం వచ్చి మేం చేసిన మొదటి పని కొత్తగా ఒక చిన్న పట్నం వీధిని కట్టుకోవడం. మంచి వీధి కూడా కాదు.

ఆ వీధికి మూడు వరసలు. సముద్రం ఎదురుగా పెద్ద బంగళాలు, అవి మేనేజర్లవి. వాలు మీద మధ్యరకం ఇళ్లు, అవి ఇంజినీర్లవి. డీజిల్ ట్యాంకుల వెనక రేకుల కప్పు క్వార్టర్లు, అవి మెకానిక్కులవి, స్టోర్ గుమాస్తాలవి, నాలాంటి పెళ్లికానివాళ్లవి. ఎవరు ఎవరింటికి భోజనానికి వెళ్లాలో ఈ వరసలే తేల్చేవి. పై వరసవాళ్లు కింది వరసను పిలిస్తే అది పెద్దమనసు. కింది వరసవాళ్లు పై వరసను పిలిస్తే వాళ్లకు ఆరోజు ఏదో ఒక పని ఉండేది.

శుక్రవారం రాత్రి విందు జనరల్ మేనేజరింట్లో. అక్కడ మాటలు నాలుగు విషయాల మీదే నడిచేవి. బ్రిస్బేన్‌లో ఏ దుకాణంలో ఏది చౌక. తిరుమలలో ఎవరికి ఫోన్ చేస్తే ఏ దర్శనం దొరుకుతుంది. పనిమనిషి ఎన్ని చెంచాలు మాయం చేసింది. దీవివాళ్లు ఎంత సోమరులు. నాలుగో విషయం మీద ఎక్కువ మాట్లాడేవాళ్లు ప్లాంటులో రాత్రి షిఫ్టు ఒక్కసారి కూడా చేయలేదు. ఆ షిఫ్టును దీవివాళ్లే నడిపేవాళ్లు. మా ఆఫీసర్లలో ఐదేళ్లుగా ఉంటున్నవాళ్లకు కూడా స్థానిక భాషలో నమస్కారం చెప్పడం రాదు. బంగళాల ముందు సముద్రం మోకాలి లోతులో అద్దంలా ఉండేది, పిల్లలను మాత్రం కారెక్కించి హోటల్లో క్లోరిన్ కంపు కొట్టే కొలనుకు ఈతకు పంపేవాళ్లు. ఉప్పు గాలికి జుట్టు పాడవుతుందని ఆడవాళ్లు వరండాలోకి వచ్చేవాళ్లు కాదు. సెలవులకు తిరుపతికి వెళ్లినప్పుడు మాత్రం చుట్టాల ముందు సముద్రం ఫోటోలు తీసి చూపించేవాళ్లు. ఆ ఫోటోల్లో అందరూ సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఉంటారు.

శుక్రవారం విందుకు ఒక ఆచారం ఉండేది. కింది రెండు వరసల ఆడవాళ్లు మధ్యాహ్నం మూడింటికే జనరల్ మేనేజరింటికి వెళ్లాలి. దాన్ని ‘సాయం చేయడం’ అనేవాళ్లు. సాయం అంటే వడలు కాల్చడం. ఇంటావిడ హాల్లో కూర్చుని, వంటింట్లోకి గట్టిగా కబుర్లు చెప్పేది. రాత్రికి ఆ వడలనే అతిథులకు పెట్టి, మీరు కూడా తినండమ్మా అనేది, కాల్చినవాళ్లతో. రానివాళ్ల పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. తర్వాత వాళ్ల భర్తల సెలవు కాగితం కొన్నాళ్లు కదిలేది కాదు, అంతే.

ఈ ఆచారాన్ని ఒకే ఒక ఆమె మానేసింది. మూడో వరసలో, నా క్వార్టరు పక్కన ఉండేది. నేను అక్కా అనేవాణ్ణి. ఆమె భర్త రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ఆయనది తడ దగ్గర, పులికాట్ ఒడ్డున పల్లె. పుట్టింది మొదలు పడవల మీద ఉన్న మనిషి. తీరికున్నప్పుడల్లా దీవివాళ్లతో కలిసి చేపలకు పోయేవాడు, వాళ్ల భాష మాట్లాడేవాడు. ఆ ఇంటి దగ్గర చేపల వాసన వస్తుందని మావాళ్లు ముక్కులు మూసుకునేవాళ్లు. ఈ మనుషులే సూళ్లూరుపేట సంతలో పులికాట్ రొయ్యల కోసం ఎండలో నిలబడి బేరమాడినవాళ్లు.

అక్కది తిరుపతి. లెక్కల్లో డిగ్రీ, ఆపైన బీఈడీ. పెళ్లయ్యాక ఎనిమిదేళ్లు తడలో అత్తగారింట్లో ఉంది, చదివిన చదువు పాలవాడి లెక్కకు తప్ప దేనికీ పనికి రాలేదు. దీవికి వచ్చిన రెండో ఏడాది అక్కడి ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు లేక, హెడ్‌మాస్టరు రేవులో మెకానిక్కుని అడిగాడు. అక్క మర్నాడే వెళ్లింది. మూడు తరగతులకు చెప్పేది. మధ్యాహ్నం మూడింటికి ఆమె తరగతిలో ఉండేది, వడల దగ్గర కాదు.

ఒకసారి బడి ఎలా ఉందని అడిగితే, బట్టలు ఆరేస్తూ చెప్పింది.

“క్లాసులోకి పోతే అందరూ లేసి నిలబడతారు తమ్ముడూ. తడలో నేను నిలబడి ఉంటా, అందరూ కూసోనుంటారు.”

పై వరసల్లో దీని మీద వచ్చిన అభిప్రాయం ఇది: మనవాళ్ల పిల్లలున్న ఇంటర్నేషనల్ స్కూల్లో అయితే గౌరవంగా ఉండేది, ఆ పిల్లలకు చెప్పడమేమిటి. ఇంటర్నేషనల్ స్కూల్లో ఆమెను ఎవరూ తీసుకోలేదన్న విషయం ఈ అభిప్రాయానికి అడ్డు రాలేదు.

అక్కకు ఉద్యోగం చేసుకునే అనుమతి భర్త పర్మిటు మీద ఆధారపడింది. ఆయన పర్మిటు జూన్‌తో అయిపోతుంది. దాన్ని పొడిగించాలంటే ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు జనరల్ మేనేజరు సంతకంతో ఒక ఉత్తరం వెళ్లాలి. ఆ ఉత్తరం జనవరి నుంచి ఆయన బల్ల మీద ఉంది. అడిగినప్పుడల్లా, చూద్దాం అనేవాడు. తొందరేముంది అనేవాడు. ఒకసారి, మీ మేడమ్ బిజీగా ఉంటున్నారట కదా అన్నాడు. సంతకం పడితే అక్క క్లాసు ఉంటుంది. పడకపోతే తడలో వంటిల్లు ఉంటుంది. ఇంతే విషయం, వీధి మొత్తానికి తెలుసు.

అక్క గంగమ్మకు మొక్కుకుంది. సంతకం పడేలా చూడు తల్లీ, జాతరకు మా ఆయన చేత వేషం వేయిస్తా అని. ఊరికి పోయి వేయించడానికి సెలవు లేదు. అందుకే మా తెలుగువాళ్ల కమిటీలో అడిగింది, ఇక్కడే జరుపుదామని. కమిటీకి అప్పటికి వేసవి ప్రోగ్రాం ఏదీ లేదు. సరే అన్నారు.

తిరుపతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కథ ప్రకారం, ఊరిని ఏలే పాలెగాడు కంటపడిన ఆడవాళ్లనల్లా చెరిచేవాడు. గంగమ్మ వాణ్ణి చంపడానికి బయలుదేరితే వాడు భయపడి దాక్కున్నాడు. అమ్మవారు రోజుకొక వేషం వేసుకుని వీధులన్నీ తిరుగుతూ వాణ్ణి బూతులు తిట్టింది, రోషం పుట్టి బయటికి వస్తాడని. చివరకు దొర వేషంలో వచ్చినప్పుడు, నిజంగానే ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటపడ్డాడు. తల తెగింది. అందుకే జాతరలో మగవాళ్లు ఆ వేషాలు వేసుకుంటారు. ఒకరోజు ఒంటి నిండా తెల్ల నామంకొమ్ము పూసుకుంటే బైరాగి వేషం, ఇంకోరోజు కుంకుమ పూసుకుంటే బండ వేషం. వేషం వేసినవాడు ఎదురుపడిన ఎవరినైనా తిట్టవచ్చు. తిట్టాలి. అది మొక్కులో భాగం.

నా చిన్నప్పుడు మా వీధిలో ఆటో తోలే ఆయన బండ వేషం వేసుకుని మా గడప ముందుకు వచ్చి, రిటైరైన హెడ్‌మాస్టరు మా తాతను నేను అంతవరకు వినని మాటలు అన్నాడు. తాత చేతులు కట్టుకుని, తల వంచుకుని, చివరి మాట దాకా విన్నాడు. ఒక ఏడాది ఆ ఆటో ఆయన తొందరలో మా ఇల్లు దాటి వెళ్లిపోతే, మా అవ్వ సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తిట్టించుకోని ఇల్లు ఆ ఏడాది లెక్కలో లేని ఇల్లు. తిరుపతిలో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. దీవిలో కమిటీ మెంబర్లు తొమ్మిదిమందిలో ఆరుగురు తిరుపతివాళ్లు.

ఆ తొమ్మిదిమంది కూర్చుని చేసిన నియమాలు ఇలా ఉన్నాయి. వేషానికి పదిహేను నిమిషాలు. ఒట్టి ఒంటితో స్టేజీ ఎక్కకూడదు, చర్మం రంగు బనియను తప్పనిసరి. బూతులు ఉండవు, వాటి స్థానంలో సరదా బిరుదులు. దొర వేషం జనరల్ మేనేజరుగారు వేస్తారు. ఈ చివరి నియమం మీద చర్చే జరగలేదు. దొర వేషం కాబట్టి దొరే వేయాలని అందరికీ తోచింది. ఆ వేషంలో ఉండేది పాలెగాడి తల నరకడానికి వచ్చిన అమ్మవారని, పెద్ద ఉద్యోగి కాదని, ఆ ఆరుగురిలో ఒక్కరూ నోరు తెరిచి అనలేదు.

ప్రొజెక్టరు పని నాది కాబట్టి నేనూ ఆ మీటింగులో ఉన్నాను. అక్క ఒక్క నియమం మీదే మాట్లాడింది.

“తిట్టకుండా బండ వేషం ఏంటికి అన్నా? ఒంటికి రంగు పూసుకోని ఊరకే నిలబడితే మొక్కు ఎట్ల చెల్లుతుంది?”

జనరల్ మేనేజరు నవ్వాడు. మనమంతా ఎడ్యుకేటెడ్ కదమ్మా, పిల్లలుంటారు అన్నాడు. చాలాసేపటికి ఒక రాజీ కుదిరింది. తిట్లు రెండు నిమిషాలు ఉండవచ్చు, కానీ ముందుగా కమిటీకి చెప్పి ఒప్పించుకోవాలి. ఫైనాన్స్ ఆఫీసరు మూడు తిట్లను ఆమోదించాడు. దొంగ, సోమరి, పిరికివాడు. ప్లాంటులో ప్రమాదకరమైన రసాయనాలకు కూడా ఇంత వడపోత లేదు.

ఇక సామగ్రి. ఆ దీవిలో నామంకొమ్ము దొరకదు. అక్క దుకాణంలో సుద్దముక్కల పెట్టెలు కొని, రోట్లో నూరి, నీళ్లలో కలిపింది. కుంకుమ కోసం ఇరవై రెండిళ్లకూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ తిరుమల నుంచి, తిరుచానూరు నుంచి తెచ్చుకున్న పొట్లాలు అరనిండా ఉంటాయి. ఒక్కొక్కరు ఒక్కో చెంచా వేశారు. బంగళాల్లో ఒకావిడ, చెంచా కూడా కాదు, చిటికెడు వేసి, మిగిలితే తిరిగి ఇవ్వమంది.

కార్యక్రమం నాలుగున్నరకు మొదలైంది. ముందు జనరల్ మేనేజరు భార్య దీపం వెలిగించింది. స్పీకరులో డప్పు మోగింది, మధ్యలో ఎవరికో ఫోన్ వచ్చి ఆ రింగు కూడా మోగింది. తర్వాత అక్క మైకు తీసుకుని పిల్లలకు కథ చెప్పింది. రోజూ చెప్పే మనిషి కాబట్టి చక్కగా చెప్పింది. పాలెగాడు ఎందుకు దాక్కున్నాడు, అమ్మవారు ఎందుకు తిట్టింది, వాడు బయటికి వస్తే ఏమవుతుంది. ఇంట్లో తెలుగు వినని పిల్లలకు కూడా అర్థమయ్యేలా ఒక్కో ముక్క రెండుసార్లు చెప్పింది. మూడేళ్లలో ఆ పిల్లలు కదలకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

బైరాగి వేషానికి మెకానిక్కే వచ్చాడు. చొక్కా తీయడానికి వేరే మగవాళ్లెవరూ ఒప్పుకోకపోవడంతో రెండు వేషాలూ ఆయనకే వచ్చాయి. సుద్ద తడి ఆరి పొరలుగా రాలుతోంది. పదిహేను నిమిషాలకు పక్కగదిలోకి వెళ్లి, కడుక్కునే తీరిక లేక, దాని మీదే కుంకుమ పూయించుకుని వచ్చాడు. తెలుపు మీద ఎరుపు పడి గులాబీ రంగు వచ్చింది. చర్మం రంగు బనియను కూడా గులాబీ రంగైంది. తల చుట్టూ కరివేపాకు. ఎవరో పోపు వాసన వస్తోందన్నారు, నవ్వారు.

స్టేజీ పక్క గదిలో జనరల్ మేనేజరు దొర వేషానికి తయారవుతున్నాడు. గంధం బదులు ముఖానికి పూసుకునే పసుప్పచ్చ ప్యాక్ ఏదో కలిపి, ఇద్దరు ఆఫీసర్లు ఆయన చెంపలకు పట్టిస్తున్నారు. గది తలుపు మూసి ఉంది. లోపల ఏసీ ఉంది, పనిచేసే మూడింటిలో ఒకటి.

మెకానిక్కు మైకు ముందు నిలబడి ఆమోదం పొందిన మూడు తిట్లు అన్నాడు. ఒరే పాలెగా, దొంగా, సోమరీ, పిరికివాడా. పిల్లలు చప్పట్లు కొట్టారు. మళ్లీ అన్నాడు. రెండు నిమిషాలలో ఒకటిన్నర ఇంకా మిగిలింది. ఆయన సహజంగా మాట తక్కువ మనిషి. ముందు వరస వైపు చూశాడు, ఆ తర్వాత గోడవారన నిలబడిన భార్య వైపు చూశాడు. ఆమె చేతులు జోడించి ఉంది, అమ్మవారి ముందు నిలబడినట్టు.

మైకు స్టాండులో వదిలేసి, పడవ మీద నుంచి ఒడ్డుకు కేకేసే గొంతుతో మొదలుపెట్టాడు.

“ఒరే పాలెగా, యాడ దూరినావురా? తలుపేసుకోని సల్లగా కూసున్నావా? మా ఆడోళ్ల చేత వడలు కాల్పించుకోని తినేదానికి వస్తావే, తిట్టు తినేదానికి రాలేవా? మొగోడివైతే రారా బయటికి.”

తర్వాత మరి రెండు మాటలు అన్నాడు. అవి ఇక్కడ రాయను. తిరుపతిలో జాతర రోజుల్లో ఏ వీధి మొగదలలోనైనా వినిపించేవే.

ఆయన ఎవరి పేరూ ఎత్తలేదు. పాలెగాణ్ణి అన్నాడు. ఏళ్లుగా వడలు కాల్చిన ఆడవాళ్లు తలలు ఎత్తి చూస్తున్నారు. అక్కడితో ఆపేసి దిగిపోయి ఉంటే, అది జాతరలో ఒక తిట్టుగానే మిగిలిపోయేది. ఆయన నిజానికి దిగడానికే వెనక్కి తిరిగాడు.

అప్పుడు పక్కగది తలుపు తెరుచుకుంది. జనరల్ మేనేజరు వచ్చాడు. ఒక చెంప పసుప్పచ్చగా ఆరి పగుళ్లిచ్చింది, రెండోది మామూలుగా ఉంది. మెడ చుట్టూ తువ్వాలు.

“ఏందది? ఎవర్ని అంటా ఉండావు నువ్వు?”

ముందు వరసలో తల్లి పక్కన కూర్చున్న ఆయన చిన్నకూతురికి ఆరేళ్లు. కథ శ్రద్ధగా విన్న పిల్ల. చక్కగా, స్పష్టంగా అడిగింది.

“మమ్మీ, పాలెగాడు అంటే డాడీనా?”

మొదట ఎవరు నవ్వారో చెప్పలేను. మూడో వరస క్వార్టర్ల ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి వచ్చింది. అక్కడి నుంచి మగవాళ్లకు పాకింది. ఫైనాన్స్ ఆఫీసరు భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఫైనాన్స్ ఆఫీసరే నవ్వాడు, నేను చూశాను. అందరూ నవ్వారు. జనరల్ మేనేజరు మైకు అందుకుని ప్రోగ్రాం అయిపోయిందని చెప్పాడు. అంబలి ఎవరూ తాగలేదు. అది మాత్రం ఆ జాతరకు పట్టిన అదృష్టం.

నవ్వినవాళ్లంతా ఇళ్లకు చేరి ఫోన్లు తీశారు. మావాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రికి వచ్చిన సందేశాల సారాంశం: చాలా బాధ కలిగింది. పిల్లల ముందు ఇదేం సంస్కృతి. మా తిరుపతిలో ఇలాంటివి ఎన్నడూ చూడలేదు. ఈ చివరిది రాసినాయన ఇల్లు గంగమ్మ గుడికి రెండు వీధుల అవతల. అక్క బడి నుంచి సుద్దముక్కలు దొంగిలించి తెచ్చిందని ఒకావిడ రాసింది. కుంకుమ వృథా అయిందని ఇంకొకావిడ రాసింది, చిటికెడు ఇచ్చినావిడే. నవ్వానని ఒక్కరూ రాయలేదు. ఇరవై రెండు కుటుంబాల నోళ్లలో నుంచి ఒకేసారి వచ్చిన నవ్వు సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి మధ్య ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. వీళ్లు దీవివాళ్లను వెన్నెముక లేనివాళ్లు అనేవాళ్లు.

మూడు రోజులకు ఫైనాన్స్ ఆఫీసరు షరతు మోసుకుని వచ్చాడు. నేను అక్కావాళ్ల ఇంట్లోనే ఉన్నాను, దోసెలు తింటున్నాను. ఆయన కుర్చీ అంచు మీద కూర్చుని, ఇల్లంతా ఒకసారి చూసి, సంగతి చెప్పాడు. వచ్చే శుక్రవారం విందులో, అందరి ముందు, మెకానిక్కు లేచి నిలబడి తప్పయిందని చెప్పాలి. మేడమ్ కూడా పక్కన ఉంటే బాగుంటుంది. అలా అయితే శనివారం ఉత్తరం వెళ్లిపోతుంది. రెండేళ్లకు రాయిస్తానని సార్ తానుగా అన్నారట. చెప్పి, దోసె వద్దని వెళ్లిపోయాడు.

మెకానిక్కు వెంటనే ఒప్పుకున్నాడు. ఆయనకు అది ఇంజన్ పనిలాంటిదే. ఒక మాట అంటే కదులుతుందంటే, అనేస్తే పోయె. అక్క పెనం దించి స్టవ్ ఆర్పింది.

“నువ్వు చెప్పొద్దు” అంది.

“ఒగ మాటే కదా. నీ క్లాసు నిలబడతాది.”

“పోయేది నా క్లాసే కదా. అందుకే నేను చెప్తా ఉండా. మొక్కినాము, తిట్టినాము, మొక్కు చెల్లింది. ఇప్పుడు పోయి తప్పైంది అంటే, ఆ తిట్టు అమ్మది కాదు, నీది అని ఒప్పుకున్నట్టు. అప్పుడు పర్మిటు ఇచ్చేది అమ్మ కాదు, ఆయన. మళ్లా శుక్రవారం మూడింటికి నేను ఆ వంటింట్లో ఉండాల. అప్పుడు క్లాసు యాడుంటుంది?”

ఆయన నెమ్మదిగా, మరి బడి ఎట్ల అన్నాడు. ఆమె ముందున్న జవాబు పేపర్ల కట్ట తీసుకుని దిద్దడం మొదలుపెట్టింది. రెండు పేపర్లు దిద్దాక చెప్పింది.

“త్రికోణమితి సగంలో ఉండాది. ఉన్నన్ని దినాల్లో అయినంత చెప్తా.”

శుక్రవారం వాళ్లు విందుకు వెళ్లలేదు. నేను వెళ్లాను, ప్రొజెక్టరు పని ఉంది. జనరల్ మేనేజరు తొమ్మిదిన్నర దాకా తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు. ఆయనకు కావలసింది క్షమాపణ కూడా కాదు, అది జరిగేటప్పుడు మా ముఖాలు చూడడం. వడలు మామూలుగానే ఉన్నాయి. మామూలుగానే అందరూ బాగున్నాయన్నారు.

సంతకం పడలేదు. దాని మీద ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క ఉదయం ఏడింటికి బడికి వెళ్లి, సాయంత్రం ఐదు దాటాక వచ్చేది. బడి అయ్యాక కూడా పిల్లలను కూర్చోబెట్టి చెబుతోందని మెకానిక్కు చెప్పాడు. త్రికోణమితి అయింది. క్షేత్రమితి మొదలుపెట్టింది కానీ అది పూర్తి కాలేదు.

మా వీధిలో ఎవరు దీవి వదిలి వెళ్లినా ఒక వీడ్కోలు విందు, ఒక ముత్యపుచిప్ప పళ్లెం, ఒక గ్రూపు ఫోటో ఉండేవి. ఏడాదికి పైగా జీతం ఎగ్గొట్టి పనిమనిషిని గెంటేసిన కుటుంబానికి కూడా పళ్లెం ఇచ్చారు, కళ్లు తుడుచుకున్నారు. వీళ్లకు ఏదీ లేదు. వీళ్లు వెళ్లే రోజున కమిటీ అందరినీ పిక్నిక్కు తీసుకెళ్లింది. బీచికి, మొదటిసారిగా.

నేను కంపెనీ పికప్ బండి తీసుకుని వాళ్లను ఎయిర్‌పోర్టుకు చేర్చాను. అక్కడ అక్క తరగతి పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు, యూనిఫాంలో. ఊరు వదిలేవాళ్ల మెడలో గవ్వల దండలు వేయడం దీవివాళ్ల పద్ధతి. ఒక్కొక్కరూ ఒక్కో దండ వేశారు. మెడ నిండిపోయాక చేతులకు వేశారు, ఆ తర్వాత సంచిలో పెట్టారు. ఎవరూ ఏడవలేదు. ఒకమ్మాయి మాత్రం క్షేత్రమితిలో ఒక లెక్క అడిగింది. అక్క సూట్‌కేసు మీద కాగితం పెట్టి అది చేసి చూపించింది.

ఇద్దరికీ కలిపి అరవై కిలోలు అనుమతి. కౌంటరు దగ్గర తూకం అరవై ఏడు దాటింది. దండలు తీసేస్తారా అని కౌంటరు మనిషి అడిగాడు. మెకానిక్కు భార్య వైపు చూశాడు. అక్క పెద్ద సూట్‌కేసు నేల మీద పడుకోబెట్టి, తెరిచి, ప్రెషర్ కుక్కరు, ఇనప పెనం, చిన్న రోలు తీసి నా చేతికిచ్చింది. దండల సంచి ఆ ఖాళీలో సర్ది, జిప్పు వేసింది. మళ్లీ తూచారు.

యాభై తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములు.